టెక్సాస్‌లో పేకాట, తంబోలా, రాఫెల్: చట్టం ఎక్కడ ఒప్పుకుంటుంది, ఎక్కడ పట్టుకుంటుంది

దీపావళికి ఇంట్లో మూడు ముక్కలాట, ఐపీఎల్ రోజుల్లో వాట్సాప్‌లో పందేలు, ఉగాది వేడుకలో తంబోలా, సంఘం నిధుల కోసం రాఫెల్ (టికెట్లు అమ్మి, డ్రా తీసి బహుమతి ఇవ్వడం). టెక్సాస్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ నాలుగూ మామూలే. చట్టం మాత్రం నాలుగింటినీ నాలుగు రకాలుగా చూస్తుంది. అందరూ భయపడే పేకాటలో ఆడినవాడికి పడే జరిమానా 500 డాలర్లు దాటదు. ఎవరూ పట్టించుకోని తంబోలా పదేళ్ళ జైలు దాకా తీసుకెళ్ళగలదు. అందుకే దేని నియమం దానికి విడిగా చెప్పుకోవాలి.

ముందు వదులుకోవలసిన నమ్మకం

"రమ్మీ నేర్పుతో ఆడే ఆట, జూదం కాదు" అని మనవాళ్ళు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకానికి పునాది ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో 1968లో భారత సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు నుంచి పుట్టిన కేసు అది. ఆ వాదన డాలస్‌లో, హ్యూస్టన్‌లో చెల్లదు. టెక్సాస్ శిక్షాస్మృతి 47వ అధ్యాయంలోని 47.02 సెక్షన్, పేకముక్కలతో గానీ పాచికలతో గానీ బంతులతో గానీ డబ్బు పెట్టి ఆడితే నేరం అంటుంది. నేర్పు ఎంత, అదృష్టం ఎంత అన్న లెక్కే అందులో లేదు. పోకరైనా, 13 ముక్కల రమ్మీ అయినా, మూడు ముక్కలాటైనా ఒకటే.

మరి ఇంట్లో ఆడుకోవడానికి దారేది? అదే సెక్షన్ ఒక రక్షణ కూడా ఇచ్చింది. మూడు షరతులు ఉన్నాయి. మూడూ కలిసి ఉండాలి, ఒక్కటి తప్పినా రక్షణ పోతుంది. ఆట ప్రైవేటు స్థలంలో జరగాలి. తాను గెలుచుకున్న డబ్బు తప్ప ఆట వల్ల ఎవరికీ ఇంకే ఆర్థిక లాభమూ రాకూడదు. నేర్పు, అదృష్టం పక్కన పెడితే, గెలిచే అవకాశం, ఓడే ప్రమాదం ఆడేవాళ్ళందరికీ సమానంగా ఉండాలి.

ఈ మూడూ చదవడానికి తేలికే. తప్పులన్నీ అమలులోనే జరుగుతాయి.

స్థలం

ప్రైవేటు స్థలం అంటే బయటి జనానికి ప్రవేశం లేని చోటు. ఏవి కావో చట్టమే పేర్లు పెట్టి చెప్పింది: వీధులు, రోడ్లు, రెస్టారెంట్లు, బార్లు, నైట్‌క్లబ్బులు, బడులు, ఆస్పత్రులు, ఇంకా అపార్టుమెంట్లలో, హోటళ్ళలో, ఆఫీసు భవనాల్లో, దుకాణాల్లో అందరూ వాడుకునే భాగాలు. ఈ చివరి మాట దగ్గర ఆగండి. అపార్టుమెంట్ క్లబ్‌హౌస్ మూడు గంటలకు అద్దెకు తీసుకుని పుట్టినరోజు చేసి, అందరూ భోంచేశాక అక్కడే ముక్కలు పంచితే, అది ప్రైవేటు స్థలం అని వాదించడం కష్టం. అద్దె రసీదు చూపిస్తే సరిపోతుందని అనుకోవద్దు. రెస్టారెంట్‌లో వెనక గది బుక్ చేసుకున్నా ఇదే సమస్య. మీ ఇల్లు, మీ అపార్టుమెంట్ లోపలి గది, స్నేహితుడి ఇంటి హాలు అయితే సరే.

ఇల్లు అయినంత మాత్రాన పని అయిపోదు. ఆరొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో "శనివారం రాత్రి ఆట ఉంది, ఎవరైనా రావచ్చు" అని పెడితే ఆ ఇంటి తలుపు జనానికి తెరిచినట్టే. తెలిసినవాళ్ళను పేరుపేరునా పిలవండి. "మా ఫ్రెండ్‌ని తీసుకురావచ్చా?" అని ఎవరైనా అడిగితే, ఆ వచ్చేవాడు ఎవరో మీకు ముందే తెలిసి ఉండాలి.

లాభం

ఎక్కువ ఇళ్ళు చిక్కుల్లో పడేది ఇక్కడే. ప్రతి ఆటలో కుండలోంచి, అంటే అందరూ పెట్టిన పందెం సొమ్ములోంచి, ఒకటో రెండో డాలర్లు ఇంటివాళ్ళకు కమీషన్ తీస్తే రక్షణ అక్కడితో ఆగిపోతుంది. కమీషన్ అనకుండా సీటు రుసుము అన్నా, నెల సభ్యత్వం అన్నా, కరెంటు ఖర్చు అన్నా మార్పు ఉండదు. ముక్కలు పంచడానికి ఒక కుర్రాడిని పెట్టి గంటకు ఇంత ఇస్తే, అతనికి వచ్చిందీ గెలుపు సొమ్ము కాదు కదా! ఆ కుర్రాడు ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి అయితే, అనుమతి లేని ఉద్యోగం చేసినట్టయి స్టేటస్ పోయే ప్రమాదం అతని మీద అదనంగా పడుతుంది. ఆటలో ఉన్నవాళ్ళే వంతులవారీగా పంచుకోవాలి. టిప్పులు వద్దు.

తిండి ఖర్చు మాటేమిటి? పదిమందికి బిర్యానీ తెప్పించి, తలా పదిహేను డాలర్లు వసూలు చేస్తే పన్నెండు ఖర్చయి మూడు మిగిలాయనుకోండి. ఆ మిగులు చిన్నదే. అయినా ఆట నుంచి లాభం అని ఎవరైనా వేలు పెట్టి చూపడానికి అది చాలు. ఎవరికి వారు ఒక వంటకం తెచ్చుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. లేదా ఇంటివాళ్ళే తిండి పెట్టాలి. మద్యం అమ్మడం అసలు వద్దు. దానికి వేరే లైసెన్సు కావాలి, అది వేరే నేరం కూడా. ఓడినవాళ్ళకు వడ్డీకి అప్పివ్వడం కూడా లాభం కిందికే వస్తుంది.

సమాన అవకాశం

రమ్మీ, మూడు ముక్కలాట, పోకర్‌లో ఆడేవాళ్ళు ఒకరితో ఒకరు ఆడతారు కాబట్టి అందరి పరిస్థితీ ఒకటే. బ్యాంకు ఒకరి చేతిలో ఉండే ఆటలతోనే ఇబ్బంది. అందర్ బాహర్‌లో (లోనా బయటా అని కూడా అంటారు), బ్లాక్‌జాక్‌లో బ్యాంకు పట్టినవాడి గెలుపు అవకాశం మిగతావాళ్ళ లెక్కతో సరిపోలదు. రాత్రంతా ఇంటాయనే బ్యాంకు పడితే మూడో షరతు పోయినట్టే. బ్యాంకు వంతులు మార్చుకుంటే వాదించడానికి కొంత బలం ఉంటుంది. కానీ ఇలాంటి ఆటలు డబ్బు లేకుండా ఆడుకోవడమే మేలని మా గట్టి అభిప్రాయం.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని ఒక సాయంత్రం ఇలా ఏర్పాటు చేసుకోండి. ఆరు నుంచి పదిమంది, అందరూ తెలిసినవాళ్ళు. పాయింటు విలువ ముందే చెప్పండి. పాయింటుకు పది సెంట్లు పెట్టుకుంటే, 80 పాయింట్ల ఫుల్ కౌంట్ పడినా ఒక ఆటలో పోయేది ఎనిమిది డాలర్లే. ఒక్కొక్కరు ఆ రాత్రికి గరిష్ఠంగా ఎంత పోగొట్టుకోవచ్చో ఆట మొదలవకముందే ఒప్పుకోండి, మధ్యలో పెంచొద్దు. వచ్చిన డబ్బంతా అదే రాత్రి ఆడినవాళ్ళ మధ్యే తిరిగి పంచాలి. లెక్క వేసినప్పుడు పెట్టిన మొత్తం, పంచిన మొత్తం పైసాతో సహా కలవాలి. కలవకపోతే ఎక్కడో ఎవరికో మిగిలిందని అర్థం. పిల్లలను ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి.

పట్టణాల్లో వెలిసిన పోకర్ క్లబ్బుల సంగతి కూడా చెప్పాలి. కుండలోంచి కమీషన్ తీయం, సభ్యత్వ రుసుము, గంట లెక్కన సీటు రుసుము మాత్రమే తీసుకుంటాం అని అవి చెప్పుకుంటాయి. అవి ప్రైవేటు స్థలాలా, ఆ రుసుము ఆర్థిక లాభం కాదా అన్నవే ఏళ్ళుగా నడుస్తున్న గొడవలు. 2019లో హ్యూస్టన్‌లో రెండు క్లబ్బుల మీద పోలీసులు దాడి చేశారు, ఆ కేసులు తర్వాత ఎత్తేశారు. డాలస్ నగరం ఇలాంటి క్లబ్బుకు ఇచ్చిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకునే అనుమతి) రద్దు కోసం కోర్టుకెక్కింది. క్లబ్బు బోర్డు మీద "చట్టబద్ధం" అని రాసి ఉన్నంత మాత్రాన అక్కడ కూర్చున్న మీకు రక్షణ దొరికినట్టు కాదు. వీసా మీద ఉన్నవాళ్ళు దూరంగా ఉండటమే మంచిది.

పోలీసులు వస్తే, టికెట్ ఇస్తే

పైన చెప్పిన రక్షణ పోలీసులను గుమ్మం దగ్గర ఆపేది కాదు, కోర్టులో చెప్పుకునేది. ఆడినవాళ్ళది క్లాస్ సి నేరం: జైలు లేదు, 500 డాలర్ల వరకు జరిమానా. స్థలం ఇచ్చినవాళ్ళ మీద 47.04 కింద కేసు పెడితే అది క్లాస్ ఎ: ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. ఇక్కడ ఒక తేడా ఉంది. ఆడినవాళ్ళు మూడు షరతులకూ కొంత సాక్ష్యం చూపితే, ఆ రక్షణ వర్తించదని సందేహానికి తావు లేకుండా నిరూపించాల్సిన భారం ప్రభుత్వం మీద పడుతుంది. స్థలం ఇచ్చినవాళ్ళకు కూడా అవే మూడు షరతుల రక్షణ ఉంది కానీ, దాన్ని తామే రుజువు చేసుకోవాలి. ఇంటివాళ్ళు రెట్టింపు జాగ్రత్తగా ఉండాలనడానికి ఇదే కారణం.

క్లాస్ సి టికెట్ చూడగానే చాలామంది చేసే పని, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి వదిలించుకోవడం. అలా చేయకండి. టెక్సాస్‌లో జరిమానా కట్టడమంటే కేసును ఎదిరించనని ఒప్పుకోవడమే, దాని మీద దోషిగా తీర్పు పడుతుంది. కోర్టు "డిఫర్డ్ డిస్పోజిషన్" ఇచ్చి, గడువు తర్వాత కేసు కొట్టేసినా, నేరం ఒప్పుకుని ఏదైనా షరతుకు లోబడితే వలస చట్టం దాన్ని శిక్ష పడినట్టుగానే లెక్కించవచ్చు. పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో, చట్టవిరుద్ధంగా జూదం ఆడారా, దాని ద్వారా ఆదాయం పొందారా అని నేరుగా అడుగుతారు. పౌరసత్వానికి ముందు లెక్కలోకి తీసుకునే కాలంలో, మామూలుగా ఐదేళ్ళలో, జూదం కేసుల్లో రెండుసార్లు శిక్ష పడితే సత్ప్రవర్తన లేనట్టే అని వలస చట్టం చెబుతుంది. హెచ్-1బి, గ్రీన్‌కార్డు, ఎఫ్-1 ఏదైనా సరే, టికెట్ మీద సంతకం పెట్టాక మొదటి ఫోన్ వలస వ్యవహారాల లాయరుకు, రెండోది క్రిమినల్ లాయరుకు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నాకే కోర్టులో జవాబు. కేసు కొట్టేస్తే, కోర్టు ముద్ర ఉన్న తీర్పు ప్రతులు రెండు తీసుకుని దాచుకోండి. పదేళ్ళ తర్వాత కూడా అడుగుతారు.

క్రికెట్ పందేలు

టెక్సాస్‌లో లైసెన్సు ఉన్న స్పోర్ట్స్‌బుక్, అంటే క్రీడా పందేలు తీసుకునే సంస్థ, ఒక్కటీ లేదు. 2023లో ఆన్‌లైన్ క్రీడా పందేల ప్రతిపాదన ప్రతినిధుల సభ దాటింది కానీ సెనేట్‌లో ఆగిపోయింది. కాబట్టి మ్యాచ్ ఫలితం మీద డబ్బు పెట్టడం 47.02 కిందికే వస్తుంది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న నలుగురు తలా ఐదు డాలర్లు వేసుకుంటే పైన చెప్పిన మూడు షరతుల రక్షణ అడగవచ్చు. వాట్సాప్ గ్రూపులో పందేలు తీసుకునేవాడి పరిస్థితి వేరు. 24 గంటల్లో ఐదుకు మించి పందేలు తీసుకుని రాసుకున్నా, మొత్తం 1,000 డాలర్లు దాటినా అది బుక్‌మేకింగ్. లాభం కోసం పందెం సొమ్ము తన దగ్గర పెట్టుకోవడం కూడా విడిగా నేరమే. రెండూ క్లాస్ ఎ. "నేను ఆడను, ఊరికే లెక్క రాస్తాను" అనే మిత్రుడే నిజానికి అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. పైగా ప్రతి పందెం, ప్రతి చెల్లింపు ఫోన్లలో తేదీతో సహా నిలిచి ఉంటుంది.

విదేశీ సైట్లు మీ దగ్గర డబ్బు తీసుకుంటాయి. ఇవ్వవలసి వచ్చినప్పుడు ఏదో నిబంధన చూపించి ఆపేస్తే ఫిర్యాదు చేయడానికి ఇక్కడ ఏ ఆఫీసూ లేదు. పక్క రాష్ట్రంలో ఉన్నట్టు చూపించడానికి వీపీఎన్ వాడితే ఖాతా మూసేసి గెలుపు రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంటుంది.

తంబోలా

తంబోలా, హౌసీ అని మనం పిలిచేది టెక్సాస్ చట్టంలో బింగో. నంబర్లు తీసి, టికెట్ మీద కొట్టేసి, ముందు పూర్తయినవాళ్ళకు బహుమతి ఇచ్చే ఆట ఏదైనా అంతే. బింగోకు విడిగా చట్టం ఉంది, లైసెన్సు ఉన్న సంస్థలే డబ్బు తీసుకుని నడపాలి. లైసెన్సు లేకుండా టికెట్ అమ్మి నడిపితే అది థర్డ్ డిగ్రీ ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం: రెండు నుంచి పదేళ్ళ జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా. వేడుకలో ఐదు డాలర్లకో టికెట్ అమ్మినందుకు ఎవరినో పట్టుకుంటారని కాదు. కానీ సంఘం పేరు మీద, కరపత్రం మీద ధర అచ్చువేసి మరీ చేసే పనికి ఆ పరిమాణంలో శిక్ష ఉందని నిర్వాహకులకు తెలిసి ఉండాలి.

దీన్ని సరిచేసుకోవడం చాలా సులువు. టికెట్‌కు డబ్బు తీసుకోవద్దు. వచ్చిన ప్రతివారికీ ఒక టికెట్ ఉచితంగా ఇవ్వండి, బహుమతులు దాతల చేత ఇప్పించండి. డబ్బు, అదృష్టం, బహుమతి మూడూ కలిస్తేనే లాటరీ. మొదటిది తీసేస్తే చిక్కు విడిపోతుంది. "ప్రవేశ రుసుములోనే తంబోలా టికెట్ కలిసి ఉంది" అని కరపత్రంలో రాస్తే తీసేసిన డబ్బును మళ్ళీ తెచ్చిపెట్టినట్టే, ఆ వాక్యం వద్దు. ఇంకో తంబోలా టికెట్ కావాలంటే రెండు డాలర్లు అనడమూ వద్దు.

సంఘం రాఫెల్

రాఫెల్‌కు మాత్రం తిన్నని దారి ఉంది, దాని ప్రకారం నడిస్తే దిగులు లేదు. టెక్సాస్ ఆక్యుపేషన్స్ కోడ్ 2002వ అధ్యాయం ధార్మిక సంస్థలకు అనుమతి ఇస్తుంది. సంస్థ లాభాపేక్ష లేనిదై, కనీసం మూడేళ్ళ నుంచి ఉండాలి. నిరుడు పెట్టిన సంఘం ఈ ఏడు రాఫెల్ వేయకూడదు. అలాంటప్పుడు అర్హత ఉన్న పాత సంస్థ, అంటే గుడి గానీ పెద్ద సంఘం గానీ, తన పేరు మీద, తన సేవా పనుల కోసం నడపవచ్చు. పేరు మాత్రం అరువిచ్చి డబ్బు మీకు పంపడం కుదరదు.

టికెట్ అచ్చువేసే ముందు ఒక్కసారి చూసుకోవలసినవి: సంస్థ పేరు, సంస్థ లేదా దాని అధికారి ఒకరి చిరునామా, టికెట్ ధర, పది డాలర్లకు మించిన ప్రతి బహుమతి వివరం. ఇవి టికెట్ మీద ఉండాలి. బహుమతి నగదు కాకూడదు. "సగం మీకు, సగం సంఘానికి" అని వసూలైన సొమ్మునే పంచే పద్ధతి మామూలు సంఘాలకు కుదరదు. సంఘం కొనే బహుమతి విలువకు చట్టంలో పైపరిమితి ఉంది. బహుమతి ముందే సంస్థ చేతిలో ఉండాలి, లేకపోతే దాని విలువకు కౌంటీ క్లర్కు దగ్గర బాండు పెట్టాలి. "టికెట్లు అమ్ముడయ్యాక కారు కొందాం" అనే ఆలోచన ఇక్కడే బెడిసికొడుతుంది. టికెట్లు అమ్మినవాళ్ళకు జీతం గానీ కమీషన్ గానీ ఇవ్వకూడదు. రేడియోలో, టీవీలో, పత్రికలో డబ్బు కట్టి ప్రకటన వేయకూడదు. మీ వెబ్‌సైట్‌లో, మీ సభ్యులకు పంపే ఈమెయిల్‌లో చెప్పుకోవచ్చు. డ్రా తేదీ ముందే ప్రకటించాలి. వాన వల్ల వేడుక ఆగిపోతే 30 రోజుల లోపు మరో తేదీ పెట్టి తీయాలి, అదీ కుదరకపోతే డబ్బు వెనక్కి ఇచ్చేయాలి. ఏడాదికి ఎన్ని రాఫెల్‌లు అన్నదానికీ పరిమితి ఉంది, కాబట్టి ఉగాదికి, దసరాకు, దీపావళికి విడివిడిగా ప్లాన్ చేసే కమిటీలు ముందు ఆ సెక్షన్ తెరిచి చూసుకోవాలి.

పన్ను వైపు రెండు సంగతులు కోశాధికారి మర్చిపోతుంటారు. సంఘానికి 501(సి)(3) హోదా (విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చేది) ఉన్నా, రాఫెల్ టికెట్ కొన్న డబ్బు విరాళం కాదు. దానికి విరాళం రసీదు ఇవ్వకూడదు. ఇక టికెట్ ధర తీసేశాక బహుమతి విలువ 5,000 డాలర్లు దాటితే 24 శాతం ఫెడరల్ పన్ను పట్టుకుని కట్టాల్సింది సంఘమే. 20,000 డాలర్ల కారు అనుకోండి, తాళంచెవి చేతికివ్వకముందే గెలిచినవారి దగ్గర సుమారు 4,800 డాలర్లు వసూలు చేయాలి. ఈ మాట టికెట్ అమ్మేటప్పుడే చెబితే డ్రా రోజున స్టేజీ మీద గొడవ ఉండదు.

గ్యాస్ స్టేషన్, కిరాణా దుకాణం నడిపేవాళ్ళకు

"ఎయిట్ లైనర్" అనే, డబ్బు వేసి ఆడే యంత్రాలు పెట్టుకుంటే నెలకు ఇంత వాటా ఇస్తామని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. చట్టం ఒప్పుకునేది ఇంతే: బహుమతి నగదు కాకూడదు, వస్తువై ఉండాలి. ఒక్క ఆటకు వచ్చే దాని టోకు ధర, ఆట ధరకు పది రెట్లు లేదా ఐదు డాలర్లు, ఏది తక్కువైతే అది దాటకూడదు. పావు డాలర్ ఆటకు రెండున్నర డాలర్ల బొమ్మ, డాలర్ ఆటకు ఐదు డాలర్ల బొమ్మ. అంతకు మించదు. కౌంటర్లోంచి నగదు ఇస్తే నేరం. గిఫ్ట్ కార్డు ఇస్తే? డబ్బులా చెల్లే గిఫ్ట్ సర్టిఫికెట్ నగదుతో సమానమే అని టెక్సాస్ సుప్రీంకోర్టు 2003లో తేల్చింది. పైగా ఈ యంత్రాలే రాజ్యాంగం నిషేధించిన లాటరీ కిందికి వస్తాయని ఫోర్ట్‌వర్త్ అప్పీలు కోర్టు 2022లో తీర్పు చెప్పింది.

యంత్రం తెచ్చినవాడు స్టేట్ కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నులు వసూలు చేసే అధికారి) ఇచ్చిన పన్ను స్టాంపు చూపిస్తాడు. ఏడాదికి 60 డాలర్లు కట్టారని తప్ప అది ఇంకేమీ చెప్పదు. యంత్రం చట్టబద్ధమని దానికి అర్థం కాదు. దాడి జరిగితే యంత్రాలు, వాటిలోని డబ్బు పట్టుకుపోతారు. కేసు దుకాణం నడిపేవాళ్ళ మీద కూడా పడుతుంది. జూదం నేరంలో శిక్ష పడితే పదేళ్ళ దాకా లాటరీ టికెట్లు అమ్మే లైసెన్సుకూ అర్హత పోతుంది. నెలకు వచ్చే వాటా కోసం ఆ లైసెన్సును పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

క్యాసినోకే వెళ్ళాలంటే

టెక్సాస్ రాజ్యాంగంలోని మూడో అధికరణం 47వ సెక్షన్ లాటరీలను నిషేధిస్తుంది. బింగోకు 1980లో, ధార్మిక రాఫెల్‌కు 1989లో, రాష్ట్ర లాటరీకి 1991లో సవరణలు చేసి దారి ఇచ్చారు. క్యాసినోలకు ఇంకా ఇవ్వలేదు. ఇవ్వాలంటే ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల ఓట్లు, ఆపైన ప్రజల ఓటు కావాలి. శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లోనే జరుగుతాయి. రాష్ట్రంలో గిరిజన జాతులు నడిపే జూద కేంద్రాలు మూడు ఉన్నాయి: ఈగిల్ పాస్‌లో, లివింగ్‌స్టన్ దగ్గర, ఎల్ పాసోలో. అక్కడి యంత్రాలు బింగో ఆధారంగా నడిచేవి. ఎల్ పాసో, లివింగ్‌స్టన్ జాతుల హక్కును 2022లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో నిలబెట్టింది. గుర్రప్పందేలు గ్రాండ్ ప్రేరీలోని లోన్ స్టార్ పార్క్ లాంటి చోట్ల చట్టబద్ధమే. పందెం కాయడానికి 21 ఏళ్ళు నిండాలి, రాష్ట్ర లాటరీ టికెట్‌కు 18 చాలు.

డాలస్ వైపువాళ్ళు వెళ్ళేది ఓక్లహోమాకే. ఐ-35 మీద రెడ్ రివర్ దాటగానే థాకర్‌విల్‌లో చికసా జాతివారి విన్‌స్టార్ క్యాసినో వస్తుంది, 75వ హైవే మీద డ్యురాంట్‌లో చాక్‌టా జాతివారిది ఉంది. అవి సార్వభౌమ జాతుల భూములు. యంత్రం తప్పు చూపించిందని గొడవ వస్తే టెక్సాస్ పోలీసులకు చెప్పి లాభం లేదు. ఆ జాతి గేమింగ్ కమిషన్‌కే రాసివ్వాలి. యంత్రం దగ్గరి నుంచి లేవకుండా తెర ఫోటో తీసి, యంత్రం నంబరు, సమయం రాసుకుని, అదే రోజు ఫిర్యాదు కాగితం ఇచ్చి, నకలు తీసుకోండి.

గెలిస్తే పన్ను ఎలా పడుతుందన్నది మీ వీసా మీద, ఇక్కడ ఎన్నాళ్ళు ఉన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. స్లాట్ యంత్రంలో ఒక్క గెలుపు 2025 దాకా 1,200, 2026 నుంచి 2,000 డాలర్లకు చేరితే యంత్రం ఆగుతుంది, సిబ్బంది వచ్చి గెలుపు మొత్తం చూపే డబ్ల్యూ-2జి కాగితం ఇస్తారు. హెచ్-1బి మీద ఏడాదంతా ఉన్నవాళ్ళు పన్ను విషయంలో మామూలుగా రెసిడెంట్లే, ఆ మొత్తాన్ని జీతంతో కలిపి చూపించాలి. ఓడినదాన్ని తగ్గించుకోవాలంటే అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ వదులుకుని ఐటమైజ్ చేయాలి, అంటే తగ్గింపులను విడివిడిగా చూపాలి. 2026 నుంచి అదీ 90 శాతమే: 10,000 గెలిచి 10,000 ఓడినా 1,000 మీద పన్ను పడుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా, ఓక్లహోమాలో గెలిచింది 1,000 డాలర్లు దాటితే అక్కడ నాన్-రెసిడెంట్ రిటర్న్ వేయాలి.

ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో ఉన్న విద్యార్థులు, ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు పన్ను లెక్కలో నాన్-రెసిడెంట్లు. వాళ్ళ స్లాట్ గెలుపు మీద నేరుగా 30 శాతం పోతుంది. ఓడినది తగ్గించుకునే వీలు లేదు, భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో దీనికి మినహాయింపూ లేదు. బ్లాక్‌జాక్, రూలెట్, క్రాప్స్, బకరా గెలుపులకు మాత్రం ఆ 30 శాతం వర్తించదు. విద్యార్థులు తరచు చేసే పొరపాటు ఒకటుంది: కౌంటర్ దగ్గర సోషల్ సెక్యూరిటీ నంబరు అడగగానే చెప్పేసి, రెసిడెంట్‌లా డబ్ల్యూ-2జి తీసుకుని, పన్ను పట్టుకోలేదని సంతోషపడతారు. ఆ కాగితం ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) దగ్గరికీ వెళ్తుంది. తర్వాత నాన్-రెసిడెంట్లు వేసే రిటర్న్ 1040-ఎన్‌ఆర్‌లో షెడ్యూల్ ఎన్‌ఈసీ మీద ఆ 30 శాతం వాళ్ళే కట్టాలి. పాస్‌పోర్టు చూపించి, నాన్-రెసిడెంట్‌నని ముందే చెప్పి, నాన్-రెసిడెంట్లకు ఇచ్చే కాగితం 1042-ఎస్ ఇవ్వమని అడగండి.